ఆషాఢ ఫ్లెక్సీకి టీకా తాత్పర్యము

మూలము: ఆషాఢం ధమాకా! ఫ్లాట్ 50% + 20% వరకు తగ్గింపు.* (*షరతులు వర్తిస్తాయి.)

అవతారిక: ఈ ఏకవాక్య గ్రంథం బట్టల షాపు నుదుట వెలసినది. కర్త అజ్ఞాతుడు. కాలం ఆషాఢం, అనగా ముహూర్తాలు లేక, గిరాకీ లేక, వర్తకుడికి కవిత్వం పుట్టే మాసం. రసం గుమ్మం దగ్గర అద్భుతం, బిల్లు కౌంటరు దగ్గర కరుణం.

టీక: ధమాకా = అన్యదేశ్యం, మనకెందుకు. ఫ్లాట్ = నికరముగా. వరకు = నికరము కాకుండా. ఈ రెండూ ఒకే వాక్యంలో ఎలా కాపురం చేస్తున్నాయని శంక. పెద్ద అక్షరాలు రోడ్డున పోయేవారికి, చిన్న అక్షరాలు కోర్టుకు అని సమాధానం. షరతులు వర్తిస్తాయి = స్పష్టము. (పూర్వ వ్యాఖ్యాతలు కొరుకుడుపడని చోటనే ఈ మాట రాసేవారు. మేమూ సంప్రదాయం తప్పము.)

ఇక '+'. ఇక్కడ ఆగాలి.

పూర్వపక్షం: యాభైకి ఇరవై కలిపితే డెబ్బై. కనుక 2000 రూపాయల చీర 600కు రావాలి.

సిద్ధాంతం: రాదు. మొదటి యాభై శాతం 2000 మీద. వెయ్యి పోయింది. ఇరవై శాతం మిగిలిన వెయ్యి మీదే. పోయేది 200. చీర 800. వెరసి తగ్గింపు 60 శాతం. ముందు ఇరవై, తర్వాత యాభై తీసినా 1600, ఆపైన 800, అంతే. వేర్వేరు మొత్తాల మీది శాతాలను కూడడమంటే మణుగులనూ మూరలనూ కూడడమే.

విశేషం: శాతమనగా త్రైరాశికము. 499లో ఆర్యభటుడు ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని మూడు రాశులు చెప్పి, ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించమన్నాడు. ప్రమాణం 100, ఫలం 20, ఇచ్ఛ 1000; వచ్చింది 200. కొనేవాడి ఇచ్ఛను కూడా లెక్కలోకి తీసుకున్న మహానుభావుడు! 628లో బ్రహ్మగుప్తుడు దీనినే పంచ, సప్త, నవ, ఏకాదశ రాశికాల దాకా పెంచాడు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. భాగహారాన్ని పద్యంలో చదువుకున్న జాతి మనది. పద్యం రాని పల్లెటూరి ముసలమ్మ కూడా నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకని, ఏడాదికి 24 అని పలక లేకుండా చెబుతుంది. దేని మీద, ఎన్నాళ్లకు అన్నవి తేల్చుకోకుండా ఆవిడ ఎవరికీ పైసా ఇవ్వదు. ఆవిడను కూడా ఈ ఫ్లెక్సీ కింద నిలబెట్టి ఓడిస్తున్నారే, అదీ నా కడుపుమంట.

ఎక్కడున్నాం? చీర దగ్గర.

పాఠాంతరాలు: చీరకు వేలాడే చీటీ మీద స్టిక్కరు, దాని మీద మరో స్టిక్కరు ఉండును. గోటితో గీకి చూసినచో ప్రాచీన పాఠం దొరకును. 800 చీర మీద 150 శాతం పెంచితే 2000. దాని మీద 60 శాతం తగ్గిస్తే మళ్లీ 800. ఇది ఈ కావ్యానికి ధ్వని.

శ్లేష: కొన్నవారికి కూపను. బంపర్ డ్రాలో ఒకరికి బంగారు హారమట. సంభావ్యత కట్టాలంటే లవం ఒకటి, సరే. హారం? అచ్చువేసిన కూపన్లు వెయ్యి అయితే అవకాశం 0.1 శాతం, లక్ష అయితే 0.001 శాతం. ఎన్నో ఎక్కడా రాయలేదు. మెడలోకి హారం ఇస్తామన్నవారు భిన్నంలో హారం దాచేశారు.

ఇన్ని మెట్లు ఎక్కించడం ఎందుకయ్యా? చీర ఎంత, రూపాయల్లో చెప్పు! మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత కొల్చారం మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకు దొరికిన మూలాలు కాళిదాసు వంటి వారివి గనుక ఒట్టు నిలిచింది. ఇక్కడ మూలంలో లేనిది ధరే.

తాత్పర్యము: "అమ్మా, మీరు తీసుకున్నది ఫ్రెష్ స్టాకండీ. దీనికి ఆఫర్ లేదు."