మా రోజుల్లో యుద్ధానికి ఇంత తొందర లేదు

మా రోజుల్లో యుద్ధం గురించి తొమ్మిది నెలలు మాట్లాడి పదమూడు రోజుల్లో ముగించారు. ఇప్పుడు మాట్లాడ్డానికి తొమ్మిది నిమిషాలు చాలు. రాత్రి భోజనాల వేళ టీవీ పెట్టండి. వెనకాల మంటలు, కింద ఎర్ర అక్షరాలు, పక్కన రిటైరైన మేజరుగారు మీసం దువ్వుకుంటూ ఉంటారు. సబ్బు ప్రకటన వచ్చేలోపు లాహోరు మన చేతికొస్తుంది. ప్రకటన అయ్యాక కరాచీ.

ముసలాడి సణుగుడంటారు. అనుకోండి. 1971లో నేను విశాఖపట్నంలో డిగ్రీ చదువుతున్నాను. యుద్ధానికి ముందు ఒక దేశం ఎలా తర్జనభర్జన పడుతుందో, ఎలా గొణుక్కుంటూనే డబ్బు కడుతుందో దగ్గర్నుంచి చూసినవాణ్ణి. ఆ మాత్రం సణిగే హక్కు నాకుంది.

ఆ ఏడాది మార్చి 25 రాత్రి ఢాకాలో, అంటే అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, పాకిస్తాన్ సైన్యం సొంత పౌరుల మీదే పడింది. అక్కణ్ణుంచి జనం పిల్లాజెల్లాతో మనవైపు నడిచొచ్చేశారు. డిసెంబరు నాటికి ఇంచుమించు కోటిమంది. అప్పటికి మన జనాభా 55 కోట్లు, మన తిండికే మనం తడుముకోవాల్సిన రోజులు. 2015లో సముద్రం దాటి యూరపుకు చేరిన శరణార్థులు పది లక్షల పైచిలుకు. అప్పటికి యూరోపియన్ యూనియన్ జనాభా 50 కోట్లు, వాళ్ల ఆస్తి ముందు మన ఆస్తి ఏపాటిది? పదోవంతు మందికే గుండెలు బాదుకున్నారు. హంగరీ వాళ్లయితే సరిహద్దు పొడవునా ముళ్లకంచె వేసుకున్నారు. అలాన్ కుర్దీ అనే పసివాడు టర్కీ ఒడ్డున ఇసకలో బోర్లా పడి ఉన్న ఫోటో చూసి నాలుగు రోజులు కన్నీళ్లు పెట్టుకుని, ఐదో రోజున మళ్లీ కంచె సంగతికొచ్చారు. జర్మనీ లాంటి ఒకటి రెండు దేశాలు తలుపు తీశాయి, కాదనను. ఆ తీసినందుకు అక్కడి నాయకులు పడ్డ తిట్లూ తక్కువేం కాదు.

మన దగ్గర అప్పుడు అందరూ పుణ్యాత్ములని నేననను. మా అమ్మమ్మ సంగతే చెబుతాను. ఆ ఏడాది నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద అదనంగా ఐదు పైసల స్టాంపు అంటించాలన్నారు, శరణార్థుల కోసం. కొత్త స్టాంపు అచ్చు కావడానికి వేళ లేక, అప్పటికున్న కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని నల్లగా అచ్చుగుద్ది అమ్మారు. అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు నవ్వుతున్న బొమ్మ, దాని మీద ఈ ముద్ర. అనకాపల్లి పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని మా అమ్మమ్మ ఆ స్టాంపును అటూ ఇటూ తిప్పి చూసింది. “నా కూతురికి నేను ఉత్తరం రాసుకుంటే మధ్యలో ఈ ఐదు పైసలేట్రా?” అని నన్ను నిలదీసింది. నేను చెప్పాను. “అయ్యో, కోటిమందే?” అంది. తర్వాత కూడా ప్రతి ఉత్తరానికీ గొణిగింది. ప్రతి ఉత్తరానికీ అంటించింది. రైలు టిక్కెట్టు మీదా పన్ను పడింది. శరణార్థులంటే అభిప్రాయం చెప్పి ఊరుకునే విషయం కాదప్పుడు, జేబులోంచి చిల్లర తీసే విషయం. ఇవాళ అలాంటి పన్ను వేసి చూడండి, ఏ ఆర్థిక మంత్రికి ధైర్యముందో నేనూ చూస్తాను.

యుద్ధం చెయ్యాలన్నవాళ్లు అప్పుడు లేరా? బోలెడంతమంది. జనసంఘ్ వాళ్లు బంగ్లాదేశ్‌ను గుర్తించమని వీధుల్లోకొచ్చారు. ఇప్పటి విదేశాంగ మంత్రి జైశంకర్ తండ్రిగారు కె. సుబ్రహ్మణ్యం, ఆలస్యం చెయ్యకుండా దిగాలని వాదించారు. జయప్రకాశ్ నారాయణ్ పెద్ద వయసులో దేశదేశాలు తిరిగి అక్కడి ఘోరం చెప్పుకొచ్చారు. కానీ వాళ్ల మాట వినండి: ఎప్పుడు, ఎలా, ఎందుకు, దిగితే చైనా ఏం చేస్తుంది, అమెరికా ఏం చేస్తుంది... పేజీలకు పేజీలు. ఏప్రిల్ ఆఖర్లో మంత్రివర్గం ముందు జనరల్ మానెక్‌షా ‘ఇప్పుడు కాదు’ అన్నారట. వానలొస్తే తూర్పు బెంగాల్ నదులు సముద్రాలైపోతాయి, హిమాలయాల్లో కనుమలు మంచుతో మూసుకుపోతే గానీ చైనా భయం తగ్గదు అన్నది ఆయన లెక్క. ఆయన తర్వాత చెప్పుకొన్న కథలో కాస్త ఉప్పూకారం ఉందని చరిత్రకారులంటారు, ఉండొచ్చు. ఆయన మంచి కథకుడు. సైన్యాధిపతి ఆగమంటే ప్రభుత్వం ఆగింది, అది మాత్రం జరిగిన సంగతి. ఇవాళ ఏ జనరలైనా ‘కాస్త ఆగండి’ అంటే ఆ రాత్రికే ఆయన్ని దేశద్రోహుల జాబితాలో చేర్చేస్తారు.

ఆగినన్నాళ్లూ చేతులు ముడుచుకోలేదు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం. న్యూయార్కులో రవిశంకర్, జార్జ్ హారిసన్ కచేరీ పెట్టి డబ్బు పోగుచేశారు. ఇందిరమ్మ పశ్చిమ దేశాలన్నీ తిరిగి నిక్సన్ ఎదుటా కూర్చుంది, ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇవన్నీ మీకు తెలిసినవే. బన్‌గావ్ క్యాంపు సంగతి తెలిసినవాళ్లు తక్కువ. కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు, తినే సోడా నీళ్లలో కలిపి, తల్లుల చేత, అన్నల చేత పిల్లలకు తాగించారు. వందకు ముప్ఫై మంది పోయేచోట మరణాలు నాలుగుకు లోపే ఆగాయి. ఇవాళ మీ మనవడికి విరేచనాలైతే మందుల షాపులో అడిగే ఓఆర్ఎస్ పొట్లం మీద ప్రపంచానికి గురి కుదిరింది ఆ శరణార్థుల గుడారాల్లోనే. దేశం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది, 2023లో, ఆయన పోయాక.

ఇంకో మాట. వచ్చినవాళ్లలో ఎక్కువమంది హిందువులు. ఢిల్లీకి తెలుసు. తెలిసీ డప్పు కొట్టలేదు. ఇక్కడ గొడవలు రేగుతాయని లోపలే పెట్టుకుంది. జనానికి నిజం చెప్పకపోవడం సబబేనా అని మీరు అడగొచ్చు, మంచి ప్రశ్నే. కానీ ఇవాళ ఏ బాంబు పేలినా పొగ తగ్గకముందే మతం ప్రకటించే తీరు చూశాక ఆ నోరుకట్టు మీద నాకు గౌరవం పెరిగింది. 2007 మేలో హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగితే ఎందరో కుర్రాళ్లను పట్టుకెళ్లారు. వాళ్ల మొహాలు పేపర్లలో వేశారు. తర్వాత కోర్టు నిర్దోషులని వదిలేసింది, ఆ ముక్క ఏ లోపలి పేజీలో వచ్చిందో వెతుక్కోవాలి. అదే ఏడాది ఆగస్టులో గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లు, 42 ప్రాణాలు. చాట్ తినడానికి వెళ్లిన పిల్లలు. ఆ కన్నవాళ్లకు కావలసింది అసలు దోషి. దొరికినవాడు దొరికాడన్న మాట వాళ్లకెందుకు?

మళ్లీ 1971కి వస్తాను. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పడమటి విమానాశ్రయాల మీద పడ్డాయి. అర్ధరాత్రి దాటాక రేడియోలో ఇందిరమ్మ గొంతు. విశాఖలో అప్పటికే కిటికీలకు నల్లకాగితాలు, కార్ల హెడ్‌లైట్లకు సగం నల్లరంగు. ఆ రాత్రే సముద్రంలో పెద్ద చప్పుడైంది. ఒడ్డున ఇళ్ల కిటికీలు అదిరాయి. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడటానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, మన రేవు ముందే మునిగింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ల వైపుంది, విశాఖలో ఉందని నమ్మించే పని ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌ది. ఘాజీలో తొంభై మందికి పైగా పోయారు. మా జాలరిపేట వాళ్లకు లైఫ్‌జాకెట్లు దొరికాయి. ఊళ్లో గుసగుసలు. నేవీ మాత్రం గజ ఈతగాళ్లను దించి, చూసి, నిర్ధారించుకుని, కొన్నాళ్లకు గానీ ప్రకటించలేదు. ఎలా మునిగిందన్నదాని మీద ఇప్పటికీ రెండు దేశాలవీ రెండు మాటలు. శత్రువు ఓడ మన గుమ్మంలో మునిగినా రుజువయ్యేదాకా నోరు విప్పని నేవీ అది!

మొన్న 2025 మేలో ఏమైంది? అంతకు ముందు నెల, ఏప్రిల్లో, పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. ఎవరి రక్తమైనా ఉడుకుతుంది, నాదీ ఉడికింది. సైన్యం దాని పని అది చేసింది. మే 8 రాత్రి మా తమ్ముడి మనవడు మా ఇంట్లో ఉన్నాడు. టీవీలో కరాచీ రేవు తగలబడిపోయింది. ఇస్లామాబాద్ పడిపోయింది. స్టూడియోలో సైరన్ మోగుతోంది.

“తాతయ్యా, అయిపోయింది, గెలిచేశాం!” అన్నాడు.

“ఎవరు చెప్పారురా?”

“అన్ని ఛానెళ్లూ చెబుతున్నాయి.”

“నేవీ చెప్పిందా?”

వాడు నా వంక జాలిగా చూశాడు. “మీ కాలంలో టీవీ లేదు కాబట్టి ఆగారు తాతయ్యా. ఉంటే మీరూ ఇంతే.”

తెల్లారేసరికి కరాచీ రేవు కరాచీలోనే ఉంది. రెండు రోజులకు కాల్పులు ఆగాయి. చర్చా కార్యక్రమాల్లో సైరన్ మోత వాడొద్దని పౌర రక్షణ శాఖ ఛానెళ్లకు చెప్పాల్సొచ్చింది. నిజం సైరన్ మోగినప్పుడు జనం టీవీ అనుకుని పడుకుంటే ఎలా? మా విశాఖలో ఆ వారమే మాక్ డ్రిల్ కూడా పెట్టారు.

వాడి మాటలో కొంత నిజముందని నాకూ తెలుసు. మాకు రేడియో ఒక్కటే, అదీ ప్రభుత్వానిది. 1971 డిసెంబరులో పెట్టిన అత్యవసర పరిస్థితిని 1977 దాకా ఎత్తలేదు. డిసెంబరు 7న ఐక్యరాజ్య సమితిలో 104 దేశాలు కాల్పులు ఆపమన్నాయి, కాదన్నవి మనతో కలిపి పదకొండే. ప్రపంచం మనల్ని తప్పుపడుతోందన్న సంగతి మన రేడియో ఎంత చిన్న గొంతుతో చెప్పిందో నాకు గుర్తే. ఆ మాట వాడితో అనలేదు. చనువిస్తే నెత్తికెక్కుతాడు.

శరణార్థుల సంగతికే వస్తాను, నా అసలు కడుపుమంట అదే. మా కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది. 1962లో నె విన్ గద్దెనెక్కి, తర్వాత రెండేళ్లకు దుకాణాలన్నీ జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేస్తే, తరాలుగా రంగూన్లో బతికిన తెలుగువాళ్లు ఓడలెక్కి వచ్చేశారు. చేతిసంచీ తప్ప ఏమీ లేదు. అంతకు ముందు 1942లో జపాన్ బాంబులకు భయపడి అడవుల్లో పడి నడిచొచ్చినవాళ్లు వేరే. మా క్లాసులో ఒకడికి తెలుగు కంటే బర్మా మాటలే ముందొచ్చేవి. వాణ్ణి ఏడిపించేవాళ్లం, కానీ నువ్వెవడివిరా ఇక్కడికి రావడానికి అని ఎవరూ అనలేదు. 1990లో కువైట్‌ను సద్దాం ఆక్రమిస్తే లక్షా డెబ్భై వేలమంది మనవాళ్లను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చుకున్నాం. వాళ్లలో కడప వాళ్లున్నారు, గోదావరి వాళ్లున్నారు.

హైదరాబాద్ బాలాపూర్‌లో గుడిసెల్లో ఉన్న రోహింగ్యాలూ ఆ బర్మా నుంచి వచ్చినవాళ్లే. 1982 చట్టం వాళ్లకు పౌరసత్వం లేకుండా చేసింది, 2017లో ఏడు లక్షలమంది బంగ్లాదేశ్‌కు పరుగెత్తారు. వీళ్లను ఉంచాలా పంపాలా అన్నది ప్రభుత్వం, కోర్టులు తేల్చవలసిన చిక్కు ప్రశ్న. తేల్చనివ్వండి. వాళ్లలో నేరం చేసినవాడుంటే పట్టుకోండి, నేనేమైనా అడ్డమా? కానీ మొన్న ఒక ఛానెల్లో గంటసేపు చర్చ పెట్టారు, బాలాపూర్ ఉగ్రవాద స్థావరమా అని. ఒక పార్టీ ప్రతినిధి, ఇంకో పార్టీ ప్రతినిధి, అదే మీసాల మేజరుగారు, ఒక జ్యోతిష్కుడు కూడా. స్టూడియో నుంచి బాలాపూర్‌కు ఆటోలో వెళ్లొచ్చు. గంటలో ఆ బస్తీ నుంచి ఒక్క మనిషినీ చూపించలేదు, ఒక్క మాటా వినిపించలేదు. జ్యోతిష్కుడికి మాత్రం రెండుసార్లు మైకిచ్చారు.