నా ఒంటి మీది చేతులు

నేను పుట్టినప్పుడు నల్లగా ఉన్నాను. ఇప్పుడు నన్ను చూసినవాళ్లకు ఆ మాట చెబితే నమ్మరు. తెల్లగుర్రాలు దాదాపు అన్నీ అంతే. పుట్టుకతో నలుపో, ఎరుపో, గోధుమో. ఏడాదికింత నెరిసి, ఏడెనిమిదేళ్లు దాటేసరికి తెల్లబడతాయి. వెంట్రుక తెల్లబడినా దాని కింద చర్మం మాత్రం నల్లగానే ఉంటుంది. ఒళ్లు తడిస్తే ఆ నలుపు బయటపడుతుంది. నా బతుకులో మంచీ చెడ్డా అంతా ఈ ఒంటి మీద మనుషులు వేసిన చేతుల వల్లే వచ్చింది.

పుణే దగ్గర ఒక ఫారంలో పుట్టి, రెండేళ్ల వయసులో హైదరాబాద్ మలక్‌పేటకు చేరాను. నిజాం మహబూబ్ అలీ పాషా కాలం నుంచీ పందేలు జరుగుతున్న మైదానం అది. కొన్ని గెలిచాను, చాలా ఓడాను. ఆ లెక్కలు నాకు ముఖ్యం కావు. నాకు గుర్తున్నది నన్ను చూసుకున్న సాయిస్. శాలలో అందరూ ఆయన్ని చాచా అనేవాళ్లు.

చీకటితోనే పరుగు సాధన అయిపోయేది. తిరిగొచ్చాక ఊపిరి కుదుటపడేదాకా నన్ను నడిపించి, అప్పుడు పని మొదలుపెట్టేవాడు చాచా. ముందు డెక్కలు. ఎడమ ముందుకాలు ఎత్తి, వంపు తిరిగిన ఇనుప పుల్లతో మడమ వైపు నుంచి ముందుకు గీకుతూ మట్టి, పేడ తీసేవాడు. డెక్క అడుగున మధ్యలో మెత్తటి భాగం ఒకటి ఉంటుంది. దాని రెండు పక్కలా లోతైన గాడులుంటాయి. రాయి ఇరుక్కున్నా, తడి పేడ నిలవ ఉన్నా అక్కడే. గాడులు శుభ్రం చేశాక చాచా డెక్కను ముక్కు దగ్గరకు తెచ్చుకుని వాసన చూసేవాడు. కుళ్లు కంటికి కనిపించేకన్నా ముందు ముక్కుకు తెలుస్తుందని ఆయన నమ్మకం. అది నిజమే.

తర్వాత ఖరారా. రబ్బరు పళ్లున్న ఆ గుండ్రటి పనిముట్టును మెడ మీద, భుజం మీద, డొక్కల మీద గుండ్రంగా తిప్పితే ఎండిన చెమట, ఊడిన వెంట్రుకలు, చుండు పైకి తేలతాయి. కండ లేని చోట, అంటే మొహం మీద, మోకాళ్ల కింద దాన్ని ఆనించేవాడు కాదు. ఆ పైన గట్టి కుచ్చు బ్రష్‌తో తేలిన దుమ్మును విదిలించేవాడు. చివరికి మెత్తటి బ్రష్ పట్టుకుని, తన ఒంటి బరువంతా దాని మీద వేసి, వెంట్రుక వాలిన దిక్కుకే లాగేవాడు. కళ్లకు, ముక్కుకు ఒక తడి స్పాంజి. తోక కిందికి వేరే స్పాంజి. ఈ రెండూ కలిసిపోకుండా వేర్వేరు మేకులకు తగిలించేవాడు. ఇదంతా అయ్యాక బ్రష్ పక్కన పడేసి ఉత్త అరచేతులతో నాలుగు కాళ్లూ తడిమేవాడు. ముందుకాలి వెనక నరం దగ్గర కాస్త వేడి తగిలిందా, ఆ రోజు పరుగు బంద్.

పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడొకడు ఒకసారి అడిగాడు. "చాచా, పైపు పట్టి రోజూ కడిగేస్తే పది నిమిషాల్ల పనైపోతది గదా?"

"నీళ్లు పోస్తే దుమ్ము పోతది బేటా. చెయ్యి ఆనిస్తెనే గుర్రానికి ఏమైందో తెలుస్తది" అన్నాడు చాచా.

ఆ మాట వెనక ఉన్న శాస్త్రం చాచా చదివింది కాదు గానీ, తప్పు కూడా కాదు. మా చర్మం నుంచి ఒక రకం నూనె ఊరుతుంది. వెంట్రుక మెరిసేది దాని వల్లే, వాన నీళ్లు చర్మం దాకా దిగకుండా జారిపోయేదీ దాని వల్లే. ఇలా బ్రష్‌తో మాలిష్ చేసినప్పుడు ఆ నూనె వెంట్రుక పొడవునా పరుచుకుంటుంది. సబ్బు పెట్టి కడిగినప్పుడు పోతుంది. మళ్లీ ఊరడానికి రోజులు పడుతుంది. ఇంత నూనె ఉన్న వెంట్రుకల మీద చెమట ఎలా పరుచుకుంటుందంటే, మా చెమటలో లాథెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది సబ్బులా పనిచేసి చెమటను ఒళ్లంతా పరిచి ఆరేలా చేస్తుంది. పరుగెత్తిన గుర్రం మెడ మీద, తొడల మధ్య మీరు చూసే తెల్లటి నురగ అదే. ఉప్పు ఎక్కువున్న ఆ చెమట ఒంటి మీదే ఎండితే దురద, దాని మీద జీను బిగిస్తే పుండు. అందుకే ఎండాకాలంలో పరుగు తర్వాత చాచా మామూలు నీళ్లు ధారాళంగా పోసేవాడు, సబ్బు లేకుండా. వేడి మీదున్న గుర్రానికి చన్నీళ్లు తగిలితే కండలు పట్టేస్తాయని పాతవాళ్లకు భయం ఉండేది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు పరిశోధకులు గుర్రాల మీద పరీక్షించి చూసి ఆ భయానికి ఆధారం లేదని తేల్చారు. చాచాకు అట్లాంటా తెలియదు. నా ఊపిరి చూసి ఇంకో బకెట్ తెమ్మనేవాడు, అంతే. ఒళ్లు చల్లబడ్డాక చెక్క బద్దతో నీళ్లు లాగేసి, పూర్తిగా ఆరేదాకా శాలలోకి పంపేవాడు కాదు.

పని ముగించాక ఒక్క నిమిషం నా మెడ మొదట్లో, భుజాల పైన వేళ్లతో గోకేవాడు. మా నోరు అందని చోటు అది. మందలో ఉన్న గుర్రాలు ఎదురెదురుగా నిలబడి ఒకదానికొకటి అక్కడే పళ్లతో గోక్కుంటాయి. ఫ్రాన్స్‌లో కమార్గ్ గుర్రాల మీద చేసి 1993లో ప్రచురించిన ఒక పరిశోధన, సరిగ్గా ఆ చోట గోకితే గుండె వేగం తగ్గుతుందని చూపింది. నాకైతే కింది పెదవి దానంతటదే వేలాడిపోయేది.

పందేలకు పనికిరాకుండా పోయేనాటికి నేను పూర్తిగా తెల్లబడ్డాను. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన ఆ తెలుపు చూసి కొన్నాడు. చాచా నా తాడు ఆయన చేతికిస్తూ, "రోజూ డెక్కలు చూడు సాబ్" అన్నాడు. ఆయన తలూపాడు.

అక్కడ నా స్నానాలు పంచాంగాన్ని బట్టి జరిగేవి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వచ్చాయంటే ముహూర్తాలు. ప్రతి ఊరేగింపుకూ ముందు బట్టలుతికే పౌడరు కలిపి, పేడ మరకలు పడిన నా తొడలను ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్దేవాళ్లు. సరిగా కడగకుండానే, ఆరకుండానే జరీ గుడ్డ కప్పి, పొట్ట కింద పట్టీ బిగించేవాళ్లు. జూలుకు చమ్కీలు, మెడలో బంతిపూల దండ, డెక్కలకు ఎర్రరంగు. బ్యాండు మోతలో, టపాకాయల మధ్య నిలబడాలి. నిలబడ్డాను. మోతకైనా అలవాటు పడ్డాను గానీ, ఒంటి మీద ఎండిన ఆ పౌడరు దురదకు అలవాటు పడలేకపోయాను. చర్మం పొలుసులు కట్టింది. దురదకు గోడకేసి రుద్దుకుంటే తోక మొదలు బోసిపోయింది. తోక మా విసనకర్ర. వెంట్రుక రాలితే మళ్లీ పొడవు పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా ఈగలదే రాజ్యం. ఈగ వాలితే ఆ చోట చర్మాన్ని మాత్రమే జలదరించి దాన్ని లేపగలను. అంత సున్నితమైన చర్మం మాది. ఆ చర్మం మీదే పౌడరు.

ఆషాఢం వస్తే ముహూర్తాలుండవు. ముహూర్తం లేకపోతే నన్ను ముట్టుకునేవాళ్లే ఉండరు. ఆషాఢం అంటే వాన. రేకుల షెడ్డు కురిసేది, కింద పేడ, మూత్రం కలిసిన బురద. నూనె పోయిన వెంట్రుకల్లోంచి తడి నేరుగా చర్మానికి దిగింది. తడిసి మెత్తబడిన చర్మంలో డెర్మటోఫిలస్ అనే సూక్ష్మజీవి పెరిగి నడుం మీద పొక్కులు కట్టింది. పొక్కు ఊడితే వెంట్రుకల కుచ్చు కూడా దానితోపాటే ఊడి వచ్చేది. రోజుకొకసారి ఎవరైనా అరచెయ్యి ఆనించి ఉంటే మొదటి పొక్కు దగ్గరే తెలిసిపోయేది. శ్రావణంలో మళ్లీ పెళ్లిళ్లు మొదలైనప్పుడు నా యజమాని నా నడుం చూశాడు. వెడల్పాటి జరీ గుడ్డ కొనుక్కొచ్చాడు.

గుర్రానికి రోజుకు రెండుసార్లు స్నానం చేయించి, గంధం పూసి, మాలలు వేయమని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. ఆ రాజుల గుర్రాలకు దక్కిన స్నానమూ మాలలూ నాకూ దక్కాయి. కానీ అదే అధ్యాయంలో మరో నియమం ఉంది. వైద్యంలో అశ్రద్ధ చేసి గుర్రానికి జబ్బు ముదిరేలా చేసినవాడు చికిత్సకయ్యే ఖర్చుకు రెట్టింపు దండుగ కట్టాలి. అది మాత్రం నా విషయంలో ఎవరూ కట్టలేదు.

నన్ను పడగొట్టింది డెక్క. పైన ఎర్రరంగు, అడుగున గాడుల్లో నల్లటి కుళ్లు. దగ్గరికొచ్చిన పెళ్లికొడుకు బావమరిది ముక్కు మూసుకున్నాడు. ఆ వాసన ఏమిటని ఒక్కరూ కాలు ఎత్తి చూడలేదు. తారు రోడ్డు మీద కుంటడం మొదలుపెట్టాను. కుంటే గుర్రం మీద వరుణ్ని ఎక్కించరు. ఒక రాత్రి యజమాని నన్ను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి నడిపించుకెళ్లి జీను, కళ్లెం, గుడ్డ, చివరికి మెడలో గవ్వల పట్టీ కూడా విప్పుకున్నాడు. అవి ఇంకో గుర్రానికి పనికొస్తాయి. జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. తొలిసారి చేసినవాడికి చట్టంలో రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. ఊరేగింపులో నా మెడలో వేసే దండకు అంతకన్నా ఎక్కువే అయ్యేది.

వానలో, చెత్తకుప్పల దగ్గర, లారీల వెలుతురులో ఎంతకాలం తిరిగానో చెప్పలేను. చెవుల్లో పిడుదులు చేరాయి. జూలు, చమ్కీలు, పల్లేరుకాయలు కలిసి ఒకే ఉండలా బిగుసుకుపోయాయి. తల తిప్పితే మెడ లాగేది. మనిషి చెయ్యి దగ్గరికొస్తే పక్కకు తప్పుకునేవాణ్ని. ఒకప్పుడు ఆ చేతి కోసమే శాల తలుపు దగ్గర నిలబడి ఎదురుచూసిన గుర్రాన్ని. నా బతుకులో ఇంతకన్నా పెద్ద నష్టం లేదు.

మొయినాబాద్ వైపు మామిడితోట ఉన్న ఒక రిటైర్డ్ టీచరమ్మ నన్ను తోలుకెళ్లింది. గుర్రాల సంగతి ఆమెకేమీ తెలియదు. నా అవతారం చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, రోజూ పొద్దున్నే తాను తలంటుకునే షాంపూతోనే నాకు స్నానం చేయించింది. స్నానం కాగానే నేను మట్టిలో పొర్లితే బాధపడేది. అలా పొర్లి ఒంటికి పట్టించుకున్న మట్టి ఈగల నుంచి మాకు కాపుదల అని ఆమెకెవరు చెబుతారు? పొక్కులు తగ్గలేదు.

పశువుల డాక్టరు వచ్చి, ముందు నా కాళ్లు నాలుగూ ఎత్తి చూశాడు. చాచా తర్వాత అలా చూసినవాడు ఆయనే.

"మేడం, పొక్కులు మానేదాకా నేనిచ్చే మందు నీళ్లతో కడిగి, పొడిగా ఆరబెట్టండి. ఆ తర్వాత ఈ రోజువారీ స్నానాలు ఆపేయండి."

"మరి మురికి, డాక్టర్ గారూ?"

"బ్రష్ చేయండి. అది రోజూ. డెక్కలు కూడా రోజూ. చెమట పట్టిన రోజున ఉత్త నీళ్లు చాలు. షాంపూ ఏడాదికి నాలుగైదుసార్లు, అదీ గుర్రాలకు తయారుచేసిందే. మీది మీ చర్మానికి చేసింది. వానాకాలంలో ఆరే దారి లేకపోతే అసలు తడపొద్దు. కాళ్లకు బురదైతే ఎండనిచ్చి దులపండి."

కాళ్ల సంగతి విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. గ్రీకు దేశపు జెనొఫోన్ 2,300 ఏళ్ల కిందటే అశ్వవిద్య మీద రాసిన పుస్తకంలో ఇదే చెప్పాడు. గుర్రం కాళ్లు రోజూ కడగొద్దు, రోజూ తడిస్తే డెక్కలు చెడతాయి అని. తలను మాత్రం నీళ్లతోనే కడగమన్నాడు, అక్కడ అంతా ఎముకే గనక గట్టి పనిముట్లు తగిలితే నొప్పి అని. ఇంత పాత మాట మా షెడ్డు దాకా ఎందుకు రాలేదో!

డాక్టరు ఇంకొకటి చెప్పాడు, మనుషులు సిగ్గుపడి వదిలేసే సంగతి. మగ గుర్రానికి మూత్రాంగపు తొడుగులో మురికి గడ్డకడుతుంది, ఏడాదికి ఒకటి రెండుసార్లు గోరువెచ్చటి నీళ్లతో మెల్లగా తీయాలి. టీచరమ్మ సిగ్గుపడలేదు. ఉండగట్టిన జూలును కత్తిరించేస్తే సులువే. కానీ ఆమె కొబ్బరినూనె రాసి, కొసల నుంచి పైకి, వేళ్లతో పాయలు విడదీసింది. ఎన్నో సాయంత్రాలు పట్టింది. మొదట్లో నేను మెడ లాక్కునేవాణ్ని. ఆమె ఆగి, నేను మళ్లీ తల వంచేదాకా చూసి, అప్పుడు ఇంకో పాయ పట్టుకునేది.

ఇప్పుడు రోజూ పొద్దున మాలిష్. ఆమెకు చాచా అంత బలం లేదు, ఖరారా తిప్పుతూ మధ్యమధ్యలో ఆగుతుంది. కానీ రెండు స్పాంజీలూ వేర్వేరుగానే ఉంచుతుంది. ఈమధ్య తోక పక్కకు తీసి తుడుస్తుంటే ఆమె వేలికి శనగగింజంత గట్టి గడ్డ తగిలింది. డాక్టరు చూసి మెలనోమా అన్నాడు. 15 ఏళ్లు దాటిన తెల్లగుర్రాల్లో ఎక్కువ వాటికి వస్తుందట, ముఖ్యంగా తోక కింద. చాలావరకు నెమ్మదిగా పెరుగుతుందట. ఇంత చిన్నగా ఉండగా ఎలా కనిపెట్టారని ఆమెను అడిగాడు. "రోజూ తుడుస్తాను కదా" అంది.

వారానికొకసారి దర్జీ టేపుతో కొలిచి రాయమన్నాడు. పెరుగుతుంటే కోసి తీసేయడమా, మందా అన్నది అప్పుడు ఆలోచిద్దామన్నాడు. ఆమె పాత హాజరు పట్టీ ఒకటి తెచ్చి దాణా డబ్బా పక్కన మేకుకు తగిలించింది. ఆదివారం మాలిష్ అయ్యాక టేపు తీస్తుంది. నేను కదలకుండా నిలబడతాను.