కోనసీమలో చూడవలసినవి, చూడనట్టు ఉండవలసినవి

సంక్రాంతి సెలవులకి కోనసీమ వస్తున్న పట్నం అతిథులకు స్వాగతం. మీకోసం పల్లె తయారై కూర్చుంది. దిండి దగ్గర వశిష్ఠ గోదావరిలో హౌస్‌బోటు కడిగి ఉంచారు, రిసార్టు గుమ్మంలో ఎడ్లబండి పూన్చి ఉంచారు. ఆ ఎడ్లని కాస్త గౌరవంగా చూడండి. చుట్టుపక్కల ఉద్యోగం ఊడకుండా మిగిలినవి అవే. దుక్కి ట్రాక్టరుకి పోయింది, నూర్పిడి మిషనుకి పోయింది. వీటికి మాత్రం టిక్కెట్టు లెక్కన ట్రిప్పులు, పండక్కి ఓవర్‌టైము. బండి తోలే కుర్రాడు పంచె కట్టేది మీ ఫోటో కోసమే. డ్యూటీ దిగగానే జీన్సు తొడుక్కుని బుల్లెట్టెక్కి పోతాడు.

గదిలో దిగగానే కిటికీ తెరిచి, ‘అబ్బ, చెరువు ఎంత బావుందో!’ అంటారు. చెరువే. రొయ్యల చెరువు. మొన్నటిదాకా వరిచేను. మధ్యలో నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నవి మీకోసం పెట్టిన ఫౌంటెన్లు కావు, ఏరియేటర్లు. రొయ్యలకి ఊపిరాడాలి కదండీ. రాత్రంతా వినిపించే ఆ చప్పుడు కూడా అద్దెలో కలిసే ఉంది, విడిగా ఏమీ తీసుకోరు.

ఇక భోజనం. కూర్చోగానే పులస అడుగుతారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మీ చెవినా పడింది. పులస సముద్రంలోంచి గోదావరికి ఎదురీదేది వరద నీటిలో. మీరొచ్చింది పుష్యమాసంలో. అయినా వచ్చినవాళ్లకి లేదని చెప్పడం గోదావరి మర్యాద కాదు. ఐసుపెట్టెలో ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చిన ఇలస ఉంటుంది. బెండకాయలు వేసి పులుసు పెట్టాక దాని సొంతూరు ఎవరడుగుతారు? బిల్లు మాత్రం వరదలో కొట్టుకొచ్చినట్టే వస్తుంది. ఆ బిల్లు చూశాక పుస్తెల సంగతి గుర్తుకొచ్చినవాళ్లూ ఉన్నారు.

రెండోరోజు ‘లోకల్ సైట్‌సీయింగ్’. అంతర్వేది నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట సెల్ఫీ. ఆదుర్రులో చక్రం ఆకారంలో పునాది ఉన్న బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ మీకు కావలసినవేవీ లేవు కాబట్టి దానికి అయిదు నిమిషాలు. ర్యాలిలో జగన్మోహిని కేశవస్వామి ఒకే శిలలో ముందు విష్ణువు, వెనక మోహిని. రెండువైపులా చూస్తేగాని దర్శనం పూర్తికాదు. కాని బయట డ్రైవరు ఇంజను ఆపలేదు. ఆత్రేయపురంలో పూతరేకులు. బోర్లించిన కుండకి కింద మంట, పైన పిండినీళ్లలో ముంచిన గుడ్డ, ఆ సెగకి ఎదురుగా కూర్చుని కాగితం కన్నా పలచటి రేకు లేపే ఆడవాళ్లు. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకుకి వచ్చింది, రేకు తీసే నడుముకి ఇంకా రాలేదు. వాళ్ల ముందు నిలబడి, ‘నెయ్యి లేకుండా, చక్కెర లేకుండా చేస్తారా అమ్మా?’ అని అడగడం మీ వంతు. ‘అయితే ఉత్త రేకు తినండమ్మా’ అని నోటిదాకా వచ్చినా, నవ్వి ఊరుకోవడం వాళ్ల వంతు.

యానాం మాత్రం తప్పదు. 1954 దాకా ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు, ఇప్పుడు పుదుచ్చేరిది. ఈఫిల్ టవరు లాంటి టవరు కూడా కట్టారు. ఫ్రెంచి చరిత్ర మీద మగవాళ్లకున్న శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. ఆడవాళ్లనీ పిల్లల్నీ టవరు దగ్గర దింపి, ‘ఇప్పుడే వస్తాం’ అని పరిశోధనకి వెళతారు. వచ్చేటప్పుడు ఆ పరిశోధన ఫలితాలని సీటు కింద సర్దుతారు. పన్ను తేడా అనేది ఇంత రుచిగా ఉంటుందని ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో రాయలేదు.

అయితే అసలు ఆకర్షణ ఏ బోర్డు మీదా ఉండదు. జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది, రాష్ట్ర గేమింగ్ చట్టం 1974లో వచ్చింది, కోర్టులు వద్దన్నాయి. పండక్కి ముందు పోలీసులు ఊరూరా మైకులో కోడిపందేలు నిషేధమని చెబుతారు. మైకు బండి ఏ రోడ్డున తిరిగిందో చూసుకుంటే బరి ఎక్కడో తెలుస్తుందని గిట్టనివాళ్లంటారు. భోగి నాటికి గ్యాలరీలు, ఫ్లడ్‌లైట్లు, పెద్ద తెరలు, కార్ల పార్కింగుకి చదును చేసిన పొలం. ఇంత రహస్యంగా జరిగే నేరం దేశంలో ఇంకోటి లేదు. బాదంపప్పు తిని, ఈతలు కొట్టి, ఇంట్లో పిల్లాడికన్నా అపురూపంగా పెరిగిన డేగ పుంజు ఒక్క నిమిషంలో కత్తికి ఒరుగుతుంది. కోస మాంసం కోసం అప్పుడే బేరం మొదలవుతుంది. హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేరు అల్లుడుగారు నెమలికీ కాకికీ తేడా తెలియకపోయినా పై పందెం కాస్తారు. పక్కన గుండాట దగ్గర మిగతాది వదిలించుకుంటారు. ‘సంప్రదాయం కదండీ మావయ్యగారూ’ అంటారు. మావగారు ‘ఆయ్’ అంటారు. డబ్బు ఎవరిదో ఆయనకి తెలుసు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మాత్రం నిజంగానే వెళ్లండి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభలెక్కి వస్తారు. రోడ్డు లేనిచోట ప్రభని భుజాల మీద మోసుకుంటూ పచ్చటి చేలలోంచి, కౌశిక కాలువ నీళ్లలోంచి దాటిస్తారు. తన చేను తొక్కారని ఏ రైతూ గొడవపడడు, శివుడు నడిచాడంటాడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఈ తీర్థాన్నే శకటంగా చేసి ఢిల్లీలో తిప్పారు. మీరు కూడా ఆ చేలోనే దిగి వీడియో తీసుకుంటారు. రైతు మిమ్మల్నీ ఏమీ అనడు. మీలో శివుణ్ణి చూసి మాత్రం కాదు.

సెలవులంటే కోనసీమ రైతుకీ అనుభవమే. 2011 ఖరీఫ్‌లో, వరికి గిట్టుబాటు ధర లేక, కూలీలు దొరక్క, పూడిపోయిన డ్రెయిన్ల వల్ల చేలు మునిగిపోతుంటే, వేల ఎకరాల్లో నాట్లు మానేసి పంట విరామం అన్నారు. ఆ సీజనులో హౌస్‌బోటు ఎక్కడానికి వచ్చినవాళ్ల మాటేమోగాని, చేలు చూడ్డానికి ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చింది. నివేదిక ఇచ్చింది. 2022లో కొన్నిచోట్ల రైతులు మళ్లీ విరామం అన్నారు.

ఆ డ్రెయిన్లే ఇప్పుడు మీ ఫోటోల్లో ఉన్నాయి. రోడ్డు పక్కన కారాపి, నీళ్లు కనిపించకుండా పరుచుకున్న ఊదారంగు పూల ముందు నిలబడతారు చూడండి, అది గుర్రపుడెక్క. చేలోని నీటిని కదలనివ్వనిది అదే. ‘జనం ఇంతలా ఎగబడుతున్నారు, టిక్కెట్టు పెడితే పూడిక తీయించే డబ్బులైనా వస్తాయి కదండీ’ అన్నాడట ఒక రైతు రిసార్టు మేనేజరుతో. మేనేజరుగారు చాలాసేపు ఆలోచించారు.

“పూడిక తీస్తే పూలు పోతాయి కదండీ మరి?”