పానా పట్టే చెయ్యేది?

కారు స్టార్ట్ కాకపోతే ఇప్పటి పిల్లలు ముందు ఫోన్ తీస్తున్నారు. బానెట్ ఎత్తేవాడు కనపడడు. కాసేపట్లో ఎవరో కొత్త బ్యాటరీ తెచ్చి బిగిస్తాడు, వేలకు వేలు తీసుకుంటాడు, పాతది పట్టుకుపోతాడు. ఆ పాతదానికి అసలు రోగం ఉందా లేదా అని అడిగేవారే లేరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మొన్న హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో మా గల్లీ కారు ఒకటి అట్లాగే ఆగింది. కీ తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. బానెట్ ఎత్తించి చూశాను. ప్లస్ టెర్మినల్ మీద నీలం కలిసిన పచ్చటి పొడి పొంగి క్లాంపును కప్పేసింది. చేత్తో కదిపితే క్లాంపు తిరిగిపోతోంది. "లైట్లు బాగానే వెలుగుతున్నయి కద తాతా" అన్నాడు కుర్రాడు. లైట్లకు కొద్ది యాంపియర్లు చాలు నాయనా. సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా వంద యాంపియర్ల పైన గుంజుతుంది. అంత కరెంటు ఆ పొడిలోంచి ఎట్లా పోతుంది?

మా రోజుల్లో సేట్ల దుకాణాల ముందు అంబాసిడర్లు, ఫియట్లు ఉండేవి. సెల్ఫ్ పనిచేయకపోతే ముందు బంపర్ దగ్గర హ్యాండిల్ పెట్టి తిప్పేవాళ్లం. బొటనవేలు కూడా మిగతా వేళ్ల పక్కనే పెట్టాలి, హ్యాండిల్‌ను చుట్టి పట్టకూడదు. ఇంజన్ వెనక్కి తంతే మణికట్టు విరుగుతుంది. పెద్ద డ్రైవర్లు అది నేర్పాకే హ్యాండిల్ చేతికిచ్చేవారు. అదీ కుదరకపోతే నలుగురు హమాలీలు నెట్టేవారు, రెండో గేర్‌లో క్లచ్ వదిలితే బండి లేచేది. అన్ని దారులున్నా వారానికోసారి బ్యాటరీ మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ చూసుకునేవాళ్లం. హైడ్రోమీటర్ ముంచితే 1.260 పైన చూపించాలి.

ఇప్పుడు హ్యాండిల్ పెట్టే బొక్కే లేదు. ఆటోమేటిక్ గేరు బండిని నెట్టినా స్టార్ట్ కాదు. దారులన్నీ మూసుకుపోయాక జాగ్రత్త పెరగాలి కదా, ఉన్నది కూడా పోయింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది, దాంతోపాటే ఈ అలవాటూ పోయినట్టుంది.

కొత్త బ్యాటరీలను నేను తక్కువ చేయను. మన తిరుపతి దగ్గరి అమరరాజా వాళ్లవే ఎంత దూరం పోతున్నాయో అందరికీ తెలుసు. కానీ 'మెయింటెనెన్స్ ఫ్రీ' అని రాసింది లోపలి నీళ్ల సంగతి. బయటి టెర్మినల్‌కు ఆ మాట వర్తించదు. యాసిడ్ ఆవిరి తగిలితే సీసానికీ, రాగి తీగకూ పొడి పడుతుంది. పైగా హైదరాబాద్ ఎండ బ్యాటరీ ఆయుష్షును తినేస్తుంది.

దీనికి మందు మన గంజ్‌లోనే దొరుకుతుంది, ఏ కిరాణా కొట్టులో అడిగినా ఇచ్చే తినే సోడా. ఇంజన్ ఆపి ముందు మైనస్ తీయాలి, తర్వాత ప్లస్. తిరగేసి చేస్తే పానా బాడీకి తగిలి నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ పక్కనే ఉంటుంది. బీడీ సంగతి చెప్పక్కర్లేదు. వేడినీళ్లలో సోడా కలిపి పోస్తే ఆ పొడి బుసబుస పొంగి కరుగుతుంది. సోడా నీళ్లు మూతల్లోంచి లోపలికి మాత్రం పోనీయొద్దు. సీసం మెరిసేదాకా తీగల బ్రష్‌తో రుద్ది, కడిగి, ఆరబెట్టాలి. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. చేత్తో తిప్పితే కదలకూడదు. ఆ పైన వ్యాసలీన్ రాయాలి. బాడీకి పోయే ఎర్త్ తీగ చివర కూడా చూడండి, సగం మంది దాన్ని మరిచిపోతారు.

ఆ కుర్రాడి కారు ఇంతకే స్టార్ట్ అయింది. కానీ అన్నిసార్లూ అవదు. రాత్రంతా ఆగిన బండికి మీటర్ పెడితే 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12 కిందికి పోతే చార్జింగ్ అయిపోయినట్టే. ఇంజన్ నడుస్తుంటే 14 అటూ ఇటూ ఉండాలి. 15 దాటితే ఆల్టర్నేటర్ ఎక్కువ చార్జ్ చేస్తోంది, ఎన్నిసార్లు కడిగినా ఆ పొడి మళ్లీ వస్తుంది. అప్పుడు మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే.

బ్యాటరీ నిజంగానే పోతే కొత్తది కొనండి, పాతదాన్ని దుకాణంలోనే ఇచ్చేయండి, అందులో సీసం ఉంది. కానీ డబ్బులు తీసేముందు టెర్మినల్ శుభ్రం చేయించి, మీటర్ మీ కళ్ల ముందే పెట్టించండి. అది అడగడానికి మొహమాటపడకండి.