ఎండను మళ్లించే పలకను

నేను రిఫ్లెక్టర్‌ని. చెక్క చట్రం, దానికి రెండు వైపులా అంటించిన వెండిరంగు కాగితం, స్టాండుకు బిగించుకునే మరలు. నా ఒళ్లంతా ఇంతే. ఒకవైపు కాగితం నున్నగా ఉంటుంది. అటు పడ్డ ఎండ సూటిగా, పదునుగా వెళ్లి తగులుతుంది. రెండోవైపు కాగితాన్ని నలిపి అంటించారు. అటు పడ్డ ఎండ చెదిరి, మెత్తబడి వెళ్తుంది. ఏ ముఖానికి ఏ వైపు తిప్పాలో తెలిసిన లైట్‌మ్యాన్ చేతిలో పడటం నా అదృష్టం.

పుట్టింది హైదరాబాద్ కృష్ణానగర్‌లో, సినిమా పనివాళ్లు కాపురముండే ఒక ఇరుకు సందులో. కొన్నాళ్లు స్టూడియోల చుట్టూ తిరిగాక, ఒక పాట చిత్రీకరణ కోసం నన్ను యూనిట్ వ్యాన్ ఎక్కించారు. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డెక్కి, అనంతగిరి కాఫీ తోటలు, అరకు దాటుకుని డుంబ్రిగుడ చేరాను.

చాపరాయి దగ్గర దించారు. అక్కడ వాగు లోతుగా పారదు. వెడల్పాటి రాతిమీద పల్చగా పరుచుకుని జారిపోతుంది. ఆ నీళ్ల మీద పడ్డ ఎండ కింది నుంచి గడ్డాల మీదికి లేచి వణుకుతుంది. కింది నుంచి వచ్చే వెలుగును సినిమావాళ్లు దయ్యాలకూ దుర్మార్గులకూ వాడతారు, ఎందుకంటే మన కళ్లు వెలుగు పైనుంచి రావడానికే అలవాటుపడ్డాయి. చాపరాయి నీటి వెలుగులో మాత్రం ఆ భయం లేదు. పైనుంచి ఆకాశం వెలుగు కూడా సమంగా పడుతుండటంతో ముఖం తేటగా, తడిగా కనిపిస్తుంది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కష్టం మొదలైంది. ఆ ఎండకు కళ్ల గుంటల్లో నీడ దిగుతుంది, ముక్కు కిందా పెదవి కిందా నల్లటి మచ్చలు పడతాయి. సంతోషంగా ఆడాల్సిన హీరోయిన్ జ్వరపడి లేచినట్టు కనిపిస్తుంది. అందుకని ఆమెను ఎండకు వీపు పెట్టి నిలబెట్టారు. వెనక నుంచి పడే ఎండ జుట్టుకు మెరిసే అంచు కట్టి, పచ్చటి కొండ నుంచి మనిషిని విడదీసి చూపిస్తుంది. ముందు నుంచి ఆ నీడముఖంలోకి వెలుగు పంపడం నా పని.

“కొంచెం దించు తమ్ముడూ, మేడమ్ కళ్లు తెరవలేకపోతున్నారు,” అన్నాడు మా పెద్ద లైట్‌మ్యాన్. నన్ను మెత్తటి వైపుకు తిప్పి, వెనక్కి జరిపారు. వెలుగు పడ్డ చెంపకూ పడని చెంపకూ తేడా ఎంత ఉంచాలన్నదే ఈ పనిలో అసలు లెక్క. తేడా తక్కువైతే చూసేవాడి మనసు తేలికపడుతుంది. పెంచుకుంటూ పోతే అదే ముఖంలో దిగులు చేరుతుంది, ఇంకా పెంచితే అనుమానం పుడుతుంది. నటి ఏమీ మార్చదు, మాట ఒక్కటీ మారదు. నేను జరిగినదాన్నిబట్టి అర్థం మారిపోతుంది.

ఆమె వెనక ఈ కొండల ఆదివాసీ నాట్యం థింసా ఆడే ఆడవాళ్లు వరుసకట్టారు, ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని. వాళ్లకూ ఎండ వెనక నుంచే పడుతోంది. ముందు నుంచి వెలుగు ఇవ్వడానికి వాళ్ల కోసం ఏ పలకా పెట్టలేదు. పైగా కెమెరా లెక్కంతా హీరోయిన్ తెల్లటి ముఖానికి కట్టింది. ఆ లెక్కలో వీళ్ల నల్లటి ముఖాలు ఇంకా లోపలికి మునిగిపోయాయి. తెర మీద చీరల అంచులు, అడుగుల ఊపు, కడియాల మెరుపు మిగిలాయి. మనుషులు మిగల్లేదు. వాళ్లను వెనక్కి నెట్టమని కథలో ఎవరూ రాయలేదు. వెలుగే ఆ పని చేసింది. వెలుగు నా చేతిలో ఉండి కూడా నేను అటు తిరగలేకపోయాను. నన్ను తిప్పేది మనుషులు.

ఈ అలవాటు ఇవాళ్టిది కాదు. రంగులు సరిగా వచ్చాయో లేదో ల్యాబుల్లో సరిచూసుకోవడానికి కోడక్ కంపెనీ షర్లీ కార్డులు పంపేది. వాటి మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్లజాతి స్త్రీ బొమ్మ. ఆమె చర్మం బాగా వస్తే ఫిల్మ్ బాగున్నట్టే. నల్లటి చర్మం సంగతి చాలాకాలం ఎవరూ అడగలేదు.

అడిగినవాళ్లలో నాకు బాలు మహేంద్ర అంటే గౌరవం. 1985లో మలయాళంలో తీసిన ‘యాత్ర’ కథనే ఆయన తెలుగులో ‘నిరీక్షణ’గా తీశారు. దర్శకుడూ ఛాయాగ్రాహకుడూ ఆయనే. అందులో ఆదివాసీ అమ్మాయిగా వేసిన అర్చనది చామనఛాయ. ఆ రంగును తెల్లబరిచే ప్రయత్నం ఆయన చేయలేదు. సహజమైన వెలుగు ఒక పక్క నుంచి ఆ ముఖాన్ని తాకి వదిలేస్తుంది, మిగతాది నీడకే ఉంచేస్తారు. ఆ నీడలోనే ఆమె ఎదురుచూపు బరువంతా తెలుస్తుంది. కథ చివర ఎదురుచూపుకు గుర్తు కూడా వెలుగే. తనకోసం ఇంకా చూస్తుంటే ఒక దీపం పెట్టమని కథానాయకుడు కబురంపితే, లెక్కలేనన్ని దీపాలు కనిపిస్తాయి.

రాత్రిళ్లు జనరేటర్ వ్యాన్ పక్కన మా పెద్ద లైట్‌మ్యాన్ పాత ఛాయాగ్రాహకుల కబుర్లు చెప్పేవాడు. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్‌లే కల్పించిన వెన్నెల గురించి, ‘కాగజ్ కే ఫూల్’ (1959)లో వి.కె. మూర్తి అద్దాలతో ఎండను స్టూడియో లోపలికి రప్పించిన తీరు గురించి. నాకు మాత్రం సుబ్రత మిత్ర కథే అన్నిటికన్నా ఇష్టం. 1956 నాటి ‘అపరాజితో’ కోసం కాశీ ఇంటి వాకిలిని స్టూడియోలో కట్టినప్పుడు, ఆయన పైన తెల్ల గుడ్డ పరిపించి, దీపాల వెలుగును దానిమీదికి కొట్టించారు. అది తిరిగి నీడల్లేకుండా కిందికి దిగింది. నాలాంటి పలకలకు ఆయన గురుస్థానంలో ఉన్నారని నా నమ్మకం.

తర్వాత చలికాలంలో ఒక చిన్న సినిమాకు మళ్లీ ఇటే వచ్చాను. డుంబ్రిగుడ చుట్టూ పొద్దున పొగమంచు. మంచులో ముందు నుంచి దీపం కొడితే తెర అంతా తెల్లగా చప్పబడిపోతుంది, వెనక నుంచి కొడితే మంచే వెలుగుతుంది. ‘గీతాంజలి’ (1989)లో పి.సి. శ్రీరామ్ ఊటీ మంచును మనసులో నిలిచేలా చూపించింది ఈ వెనక వెలుగుతోనే.

ఆ చిన్న సినిమా కెమెరామెన్ నన్ను ఒక గుడిసె బయట నిలబెట్టాడు. లోపల పొయ్యి ముందు ఒక ముసలమ్మ. పొయ్యి మంట ఒక చెంపను ఎర్రగా తాకుతోంది. నన్ను ఆమె మీదికి కాకుండా ఎర్రమట్టి పూసిన గోడ మీదికి తిప్పించాడు. నేను పంపిన తెల్లటి వెలుగు గోడను తాకి, మట్టి రంగు అంటించుకుని ఆమె రెండో చెంపకు చేరింది. మంటకూ గోడకూ ఒకే రంగు కుదిరింది. నీడలో ఉన్న కంట్లో చిన్న మెరుపు చుక్క పడింది. ఆ చుక్క లేకపోతే ఎంత గొప్ప నటుడి కన్నైనా తెర మీద ప్రాణం లేనట్టు ఉంటుంది. ఆ ముసలమ్మ ఆ షాట్‌లో ఏమీ మాట్లాడలేదు. అయినా ఇల్లు ఆమెదని, కథ కూడా ఆమెదేనని చూసిన ప్రతివాడికీ తెలిసింది.

సామాన్లు ఎక్కించేటప్పుడు నా చట్రం విరిగింది. ఇక పనికిరానని వదిలేసి వెళ్లారు. ఊరి కుర్రాళ్లు తీసుకెళ్లి వెదురు బద్దలు కట్టి నిలబెట్టారు. ఫోన్ కెమెరాతో తమ ఆదివాసీ ఒడియా పాటలు తీస్తారు వాళ్లు. థింసా వరుసను మొదట ఎండకు ఎదురుగా నిలబెట్టారు, అందరూ కళ్లు చిట్లించారు. ఇప్పుడు సాయంత్రం దాకా ఆగుతున్నారు. ఈ లోయలో కొండలు పొద్దును తొందరగా మింగేస్తాయి, వాలు ఎండ దొరికేది కాసేపే. ఆ కాసేపట్లో వరుసంతటి ముఖాలూ తెరుచుకుంటాయి.

వలిసె పూసే కాలానికి ఇంకో పాట అనుకుంటున్నారు. ఆ చేలో నిలబడితే పూల పసుపు కింది నుంచి గడ్డాలకు అంటుతుంది. దాన్ని సరిచేయడానికి నేను చాలుతానా, నాలుగు గుంజలకు తెల్ల గుడ్డ కట్టాలా అని తగువు పడుతున్నారు. నన్నడిగితే గుడ్డే కట్టమంటాను. నా వెలుగు ఇద్దరు ముగ్గురి దగ్గర ఆగిపోతుంది. వరుస చివర నిలబడే పిల్ల దాకా చేరాలంటే గుడ్డ కావాలి.