“ఇది చాలా బాగుంది, తప్పక వినండి”: టీకా తాత్పర్య సహితం

మూలం: ఇది చాలా బాగుంది. తప్పక వినండి.

అవతారిక. మూలకర్త పేరు దొరకదు, కాలనిర్ణయమూ కుదరదు. గ్రామఫోను ప్లేటు గ్రంథాలయం మెట్లెక్కిన నాటి నుంచీ ఉన్న వాక్యాలే అయివుంటాయి. విశ్వవిద్యాలయాల సంగీత గ్రంథాలయాల్లో కొత్త సీడీల అర ముందు, విద్యార్థులకు పంచే పాఠ్యపత్రం అడుగున, సిబ్బంది తమకు నచ్చిన రికార్డుకు అంటించే చీటీ మీద ఈ రెండు వాక్యాలే కనిపిస్తాయి. “చాలా” ఉన్నచోట “అద్భుతంగా” అనీ, “తప్పక వినండి” ఉన్నచోట “మిస్సవకండి” అనీ పాఠాంతరాలున్నాయి గాని అర్థభేదం లేదు. ఇంతమంది రాసి ఇంతమంది చదివే గ్రంథానికి ఇప్పటిదాకా వ్యాఖ్యానం లేకపోవడం లోటే. కాళిదాసుకు మెతుకుసీమ నుంచి కోలాచల మల్లినాథసూరి దొరికాడు. ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కర్లేని మాట పలకననీ ఆయన రెండు నియమాలు పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటిదానికి కట్టుబడతాడు, రెండోదానికి హామీ ఇవ్వలేడు. సూత్రం గాలిలో నిలవదు కనుక దీనికొక చోటు కావాలి. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, మిడిల్‌టౌన్ ఊరు, వెస్లియన్ విశ్వవిద్యాలయం, అందులోని ఓలిన్ గ్రంథాలయంలో ఉన్న ప్రపంచ సంగీత భాండాగారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అంత దూరం ఎందుకంటే, అక్కడి కర్ణాటక సంగీతపు టేపుల్లో పాడినదానిలో గణనీయమైన భాగం తెలుగు.

“ఇది.” నపుంసకలింగం, ఏకవచనం, ఎదుట ఉన్న వస్తువును చూపే సర్వనామం. చిక్కంతా ఇక్కడే. సంగీత గ్రంథాలయంలో ఎదుట ఉన్న వస్తువు ఒక్కటి కాదు. ప్రపంచ గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఇఫ్లా 1998లో వెలువరించిన నివేదిక ఒకే వస్తువును నాలుగు అంతస్తులుగా విడదీసింది: రచన, దాని ఆవిష్కారం, ఆవిష్కారం అచ్చుకెక్కిన రూపం, చివరికి చేతికందే ప్రతి. త్యాగరాజ కీర్తన రచన. దాన్ని ఒకరు ఒక సాయంత్రం పాడడం ఆవిష్కారం. అది లాంగ్‌ప్లే రికార్డుగా రావడం మూడోది. మూలన గీతపడి ఒకచోట టక్కుమనే ఈ గ్రంథాలయపు కాపీ నాలుగోది. “ఇది” అని చీటీ రాసినవారు చూపుడువేలు ఏ అంతస్తు మీద పెట్టారు? పాశ్చాత్య స్వరపత్రం విషయంలో ఈ ప్రశ్నకు అంత బరువు లేదు, అక్కడ రచనకూ వాయింపుకూ మధ్య దూరం కొంత తక్కువ. కర్ణాటక సంగీతంలో ఆలాపన, నెరవు, కల్పనస్వరం వాగ్గేయకారుడు రాసిపెట్టినవి కావు, ఆ పూట పుట్టినవి. పావుగంట కీర్తనకు ముందూ వెనకా అరగంట సంగీతం ఉంటే, పాట పేరు మాత్రం చెప్పిన సిఫార్సు తక్కువ భాగాన్ని చూపించి ఎక్కువ భాగాన్ని వదిలేసింది. కాబట్టి “ఇది” అంటే ఫలానావారు ఫలానా సంవత్సరం ఫలానా చోట పాడిన ఆ ఒక్క పాటే అని ఈ టీక నిర్ణయం. 1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ ముందు పాడిన గౌహర్‌జాన్‌కు ఈ సంగతి తెలుసు. పాట చివర తన పేరు తానే గట్టిగా చెప్పేది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో, అక్కడివాళ్ళకు ఏ గొంతు ఎవరిదో తెలియాలి గదా. సర్వనామం చాలదని మన రికార్డుల చరిత్ర తొలిరోజుల్లోనే ఒక గాయని చెప్పేసింది.

“చాలా బాగుంది.” మీమాంసకులు వేదవాక్యాల్లో విధినీ అర్థవాదాన్నీ వేరు చేశారు. ఫలానాది చెయ్యమనేది విధి. దాన్ని పొగిడి ఉత్సాహపరిచేది అర్థవాదం. అర్థవాదానికి సొంత ప్రామాణ్యం లేదు, ఏదో ఒక విధిని ఆనుకుని ఉంటేనే దానికి అర్థం. ఈ లెక్కన “చాలా బాగుంది” శుద్ధ అర్థవాదం. “బాగుంది” అన్న మాట వినేవారికి ఆ రికార్డు గురించి ఏమీ చెప్పదు, చీటీ రాసినవారి గురించి కొంచెం చెబుతుంది. “చాలా” చేరితే వారి గురించి ఇంకొంచెం.

“తప్పక.” కర్మల్లో నిత్యాలనీ కామ్యాలనీ ఉన్నాయి. నిత్యకర్మ మానితే దోషం, కామ్యకర్మ ఫలం కోరినవాడికే. “తప్పక” అనగానే వినడం నిత్యకర్మల్లో చేరిపోయింది, వినకపోతే ప్రత్యవాయం. సంగీత గ్రంథాలయంలో సంధ్యావందనం లాంటి రికార్డు ఒక్కటీ లేదు. మృదంగం నేర్చుకునేవాడు విని తీరవలసిన టేపు, తెలుగు పదసాహిత్యం మీద పనిచేసేవారికి అక్కర ఉండకపోవచ్చు. కనుక ఈ అవ్యయాన్ని లోపింపజేయడమే మేలు. వ్యాఖ్యాతకు మూలాన్ని దిద్దే అధికారం లేదనే వారికి మనవి: కర్త అజ్ఞాతుడు, అభ్యంతరం చెప్పడు.

“వినండి.” ఇదొక్కటే అసలైన విధి, గ్రంథం ప్రాణమంతా ఇందులోనే ఉంది. ఏ విధివాక్యమైనా మూడు ప్రశ్నలకు జవాబిస్తేనే పూర్తవుతుందని భాట్టమీమాంస చెబుతుంది. ఏమి సాధించాలి? దేనితో? ఎలా? ఇందులో మూడోదానికి ఇతికర్తవ్యత అని పేరు. యజ్ఞం చెయ్యమని చెప్పి ఎలా చెయ్యాలో చెప్పకపోతే ఆ వాక్యానికి ఆకలి తీరదు. “వినండి” ఆకలితోనే మిగిలిపోయింది. దీని ఆకలి తీర్చడమెలాగో వెస్లియన్‌లో జాన్ హిగ్గిన్స్ ఉదాహరణతో చూద్దాం. ఆయన అక్కడే చదువుకుని, మద్రాసు వచ్చి వేణువు విద్వాంసుడు విశ్వనాథన్ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుని, ఆ విద్యలోనే మునిగి, తిరువయ్యారు ఆరాధనలో పాడి హిగ్గిన్స్ భాగవతార్ అనిపించుకున్న అమెరికన్. భరతనాట్య సంగీతం మీద 1973లో వెస్లియన్‌లోనే డాక్టరేటు పొందాడు, 1984లో మిడిల్‌టౌన్‌లో కారు గుద్ది పోయాడు. ఆయన పాడిన “ఎందరో మహానుభావులు” రికార్డు మీద “బాగుంది, వినండి” అని చీటీ పెడితే వినేవారు అమెరికన్ నోట తెలుగు విని మురిసి లేచిపోతారు. ఆ మురిపెం రెండు నిమిషాల కంటే నిలవదు. అదే చీటీలో “ఈ పంచరత్నంలో చరణాలకు ముందు స్వరం, వెంటనే అదే బాణీలో సాహిత్యం వస్తాయి. స్వరం నడుస్తున్నప్పుడే సాహిత్యం ఎక్కడ విరుగుతుందో ఊహించి, మాట వచ్చాక సరిచూసుకోండి” అని రాస్తే చెవికి పని దొరుకుతుంది. దీర్ఘం ఎంత సాగింది, ఒత్తు పడిందా, గమకం మధ్య మాట చెదరకుండా నిలిచిందా అని శ్రోత తనే పట్టుకుంటాడు. పరాయి గొంతు అన్న వింత పోయి విద్య వినబడుతుంది. మెచ్చుకునే మాట ఒక్కటీ వాడకుండానే ఈ చీటీ రికార్డును మెచ్చుకుంది.

మరో ఉదాహరణ. వీణ ధనమ్మాళ్ మనవలు ముగ్గురు, నాట్యంలో బాలసరస్వతి, మృదంగంలో రంగనాథన్, వేణువులో విశ్వనాథన్, ఈ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు. రంగనాథన్ 1963లోనే వచ్చి చేరాడు. విశ్వనాథన్ కచేరీల్లో ఒక అలవాటుండేది. వేణువు దించి, అప్పటిదాకా వాయించిన పంక్తినే గొంతుతో పాడి మళ్ళీ వేణువెత్తేవాడు. పెట్టె మీద వేణువనే రాసుంటుంది. క్షేత్రయ్య పదాలు వెతుక్కునే మనిషి వేణువు టేపు ముట్టుకోడు. ధనమ్మాళ్ ఇంటివారు తరతరాలుగా కాపాడిన పదసంపదలో పెద్ద వాటా క్షేత్రయ్యదే, తమిళ ఇంట్లో భద్రంగా పెరిగిన తెలుగు అది. ఆ సాహిత్యం వేణువు పెట్టెలో కూడా దొరకవచ్చని చెప్పవలసింది ఎవరు? కేటలాగు చెప్పదు, అది వాద్యం పేరు, తేదీ చెప్పి ఊరుకుంటుంది. టేపు విన్న మనిషి చెప్పాలి. సిఫార్సు అనేది ఒకటి ఉండవలసిన కారణం ఇదే.

ఇక పూర్వపక్షాలు. గ్రంథాలయం తీర్పులు చెప్పకూడదు, అన్నిటినీ సమంగా చూడాలి, ఒకదాన్ని ఎత్తితే మిగతావి తగ్గినట్టే కదా అని మొదటి శంక. దీనికి సమాధానం ఇంకో రంగనాథన్ దగ్గర ఉంది. మృదంగం రంగనాథన్ కాడు, మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్. ఆయన 1931లో గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలు ఇచ్చాడు. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని ఒక సూత్రం, పాఠకుడి కాలం వృథా కాకూడదని ఇంకొకటి. పుస్తకాన్నయితే నిలబడి నాలుగు పేజీలు తిప్పి చూడొచ్చు. గంటన్నర టేపును తిప్పి చూడడం కుదరదు, గంటన్నరా కూర్చోవాలి. కాబట్టి కాలం మిగిల్చే బాధ్యత సంగీత గ్రంథాలయం మీద మామూలు గ్రంథాలయం కంటే ఎక్కువ. అన్ని టేపులనూ సమంగా చూడడం న్యాయమే. అన్నిటి గురించీ సమంగా మౌనం వహించడం ఆ న్యాయంలోకి రాదు. పైగా “బాగుంది” అన్న తీర్పు తీసేసి “ఇందులో ఇది ఉంది, ఇలా వినండి” అని రాస్తే పక్కనున్న టేపుకు వచ్చిన నష్టమేమీ లేదు.

ఇప్పుడన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతుంటే గ్రంథాలయం రికార్డులు సిఫార్సు చెయ్యడమేమిటని రెండో శంక. ఇది బలమైనదే, సగం ఒప్పుకోవాలి. గాయకుడు రామ్నాడ్ కృష్ణన్ కూడా 1960లలో వెస్లియన్‌లో పాఠం చెప్పాడు. ఆ దశకం చివర నాన్‌సచ్ కంపెనీ ఎక్స్‌ప్లోరర్ వరుసలో వచ్చిన ఆయన రికార్డు “విద్వాన్” ఎవరి ఇంట్లోనైనా వినొచ్చు, దానికోసం కనెక్టికట్ వెళ్ళమనడం అన్యాయం. అయితే ఈ శంక తెలియకుండానే సిద్ధాంతానికి ఊతమిచ్చింది. బయట దొరికేదాన్ని పొగడడానికి విశ్వవిద్యాలయ గ్రంథాలయం అక్కర్లేదు గనక, అది తన దగ్గర మాత్రమే ఉన్నదాన్ని చూపించాలి. అమ్మకానికి రాని కచేరీ టేపులు అక్కడివే. 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. ధనమ్మాళ్ ముసలితనంలో ఇచ్చిన కొద్దిపాటి రికార్డులన్నీ ఆ ఇరుకులో వాయించినవే. 1948లో వచ్చిన లాంగ్‌ప్లే వైపుకు ఇరవై నిమిషాలకు పైగా ఇచ్చింది. అదీ పల్లవికి చాలదు. టేపు వచ్చాకే కచేరీ కచేరీగా నిలిచింది, మృదంగం శ్రుతి చేసుకోవడం, సభలో దగ్గు, చప్పట్లు అన్నిటితో. ఇవి అపశ్రుతులు కావా అంటారు కొందరు. స్టూడియోలో మెరుగుపెట్టిన రికార్డు విద్వాంసుడు తేల్చిన ఫలితం. కచేరీ టేపులో ఆ ఫలితానికి ఎలా చేరుకున్నాడో వినిపిస్తుంది. నేర్చుకోవడానికి వచ్చిన విద్యార్థికి రెండోదే పనికొస్తుంది, ఆ పక్కన దగ్గు ఉంటే ఉంది.

మూడో శంక చిన్నది గాని మొండిది: గది దాటి బయటికి ఇవ్వని టేపును సిఫార్సు చెయ్యడం ఆకలిగా ఉన్నవాడికి బొమ్మ చూపించినట్టు కాదా? హక్కుల సంగతి నిజమే. అమెరికాలో 1923కు ముందు వెలువడిన రికార్డుల హక్కులు, 2018 నాటి చట్టం వల్ల, 2022 జనవరి 1తో తీరిపోయాయి. మన దేశంలో రికార్డు వెలువడ్డాక 60 ఏళ్ళు. గౌహర్‌జాన్ ప్లేటు స్వేచ్ఛగా తిరగొచ్చు, 1970లలోని కచేరీ టేపు తిరగలేదు. పరిష్కారం చీటీలో ఒక వాక్యం పెంచడమే: ఎక్కడ కూర్చుని వినాలి, ముందుగా ఎవరిని అడగాలి, కాపీ దొరుకుతుందా లేదా. ఇతికర్తవ్యతలో ఇదీ భాగమే.

తాత్పర్యం. సిఫార్సులో విశేషణాలు కొట్టేసి, పాడినవారి పేరు, సంవత్సరం, చోటు, చెవి పెట్టవలసిన ఘట్టం, వినగలిగే వీలు రాయాలి. “ఇది చాలా బాగుంది, తప్పక వినండి” అన్న మూలంలో నిలబడేది “వినండి” ఒక్కటే, మిగతాది పరిష్కర్తలు కొట్టేయవచ్చు.

ఒక విన్నపం. ఈ టేపు పెట్టెల మీదా కేటలాగుల్లోనూ తెలుగు పాటల పేర్లు రోమన్ లిపిలో ఉంటాయి, ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున రాశారు, త్యాగరాజు పేరే రెండు మూడు రకాలుగా కనిపిస్తుంది. ఏ పదమో ఏ చరణమో విని పోల్చుకోగలిగిన తెలుగువారు అమెరికాలో ఇప్పుడు కొదవలేదు. దగ్గరలో ఇలాంటి భాండాగారం ఉంటే ఒక టేపు అడిగి వినండి, తప్పు పేరు కనిపిస్తే దిద్దిన పేరు, పాట మొదలయ్యే నిమిషం ఒక కాగితం మీద రాసి సిబ్బందికి ఇచ్చి రండి.