కార్డు ముక్కకు చిరునామా ఉండె

ఈ మధ్య ఎక్కడ ఎవరికి అన్యాయం జరిగినా మా లక్సెట్టిపేటల సగం ఫోన్లు నల్లగైతున్నయి. డీపీ మారుస్తరు, స్టేటస్ పెడుతరు, చేతులు జోడించిన బొమ్మ ఒకటి కింద అతికిస్తరు. పొద్దుమూకంగ ఎంతమంది చూసిన్రో లెక్క తీస్తరు. నేనడిగేది ఒక్కటే. ఎవరి కోసం పెట్టిన్రో ఆ మనిషి చూసిండా? లాకప్పుల కూసున్నోని చేతిల ఫోనుండదు. జైల్ల ఉన్నోనికి అసలే ఉండదు. కొడుకును పోగొట్టుకున్న గూడెపు అవ్వకు స్టేటస్ అంటే ఏందో తెల్వదు. ఓదార్పంతా మనకు మనమే పంచుకుంటున్నం, బాధపడ్డోని దాకా అది పోతనే లేదు.

మా రోజుల్లో గట్ల కాదు. ఎనభైలల్ల పోస్టుకార్డు పదిహేను పైసలు. మాకు చదువు చెప్పిన సారొకాయన నెలకోసారి కార్డుల కట్ట ముందటేసుకొని, జైళ్ళల్ల ఉన్నోళ్ళకు రాస్తుండె. అందరూ ఎరుకున్నోళ్ళేం కాదు. పేపర్ల పేరు చూస్తే చాలు, రాస్తుండె. రాజకీయం ఒక్క ముక్క ఉండకపోతుండె. కడెం కాలువకు నీళ్ళు వదిలిన్రు, గోదావరి రాయపట్నం బ్రిడ్జి దగ్గర ఇట్ల పారుతున్నది, మీ పానం ఎట్లున్నది, పుస్తకాలు అందుతున్నయా, చలికి గొంగడున్నదా. గంతే. కవర్ల పెట్టి అంటించి పంపొచ్చు గద సార్ అంటే ఒప్పుకోకపోతుండె. కార్డు విప్పి ఉంటది కాబట్టే పంపాలె అంటుండె. డాక్ఖానల చదువుతరు, జైలు గేటు కాడ చదువుతరు, సెన్సారు చేసే గుమాస్తా చదువుతడు. ఈ ఖైదీకి బయట మనుషులున్నరని దారి పొడుగునా అందరికీ ఎరుకైతది. రాత్రిపూట కట్టె లేపే జవానుకు సుత ఎరుకైతది.

సారు చెప్పింది ఉత్త నమ్మకం కాదు. 1961ల ఇంగ్లండుల పీటర్ బెనెన్సన్ అనే వకీలు, మరిచిపోయిన ఖైదీల గురించి అబ్జర్వర్ పేపర్ల వ్యాసం రాస్తే, అండ్లకెల్లే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పుట్టింది. వాళ్ళ పని ముఖ్యంగ ఉత్తరాలే. డొమినికన్ రిపబ్లిక్ల బట్టలిప్పించి చీకటి కొట్ల వేసిన కార్మిక నాయకుని కథ ఒకటి వాళ్ళు చెప్తరు. మొదటి రెండువందల ఉత్తరాలు రాంగనే బట్టలు తిరిగిచ్చిన్రట. ఇంకో రెండువందలు రాంగనే జైలు అధికారి స్వయంగ వచ్చి చూసిండట. వేలల్ల వచ్చేసరికి దేశాధ్యక్షుడే విడిచిపెట్టమన్నడట. ఆ ఉత్తరాలు రాసినోళ్ళెవ్వరూ ఆయన మొఖం చూసినోళ్ళు కాదు.

అన్ని ఉత్తరాలు గెలిచినయని నేను చెప్తలేను. ఉరిశిక్ష పడ్డ మా ఆదిలాబాద్ జిల్లా రైతుబిడ్డలు భూమయ్య, కిష్టాగౌడ్ సంగతి ఈ తరానికి ఎంతమందికి ఎరుక? ఉరి వద్దని దేశమంతా సంతకాలు, వినతులు పోయినయి. 1975 మే నెలల వకీళ్ళు కన్నబిరాన్, పత్తిపాటి వెంకటేశ్వర్లు రాత్రికి రాత్రి జడ్జి ఇంటి తలుపు కొట్టి ఆఖరి ఘడియల ఉరి ఆపించిన్రు. తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. డిసెంబర్ 1నాడు ముషీరాబాద్ జైల్ల ఇద్దర్నీ ఉరి తీసిన్రు. ఇంత మంది మొరపెట్టుకున్నా వినలేదన్న కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. అయినా ఆ ఇద్దరూ అనాథలోలె పోలేదు. తమ కోసం ఊరూరూ అడిగిందన్న సంగతి వాళ్ళకు ఎరుకైంది. అది చిన్న సంగతి కాదు.

ఇగ తారు, అంటే టెలిగ్రాం ముచ్చట. 1978ల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించినంక, గోదావరికి అవతలొడ్డున గానీ ఇవతలొడ్డున గానీ పోరగాన్ని పోలీసులు పట్కపోయిన్రంటే ఇంటిల్లిపాదికి ఒక్కటే భయం, తెల్లారేసరికి ఎన్‌కౌంటర్ అంటరేమోనని. అప్పుడు దిక్కు తారే. నేను కండ్లార చూసిన. ధోతి కట్టుకున్న ఒక పెద్దమనిషి, చెప్పులు సుత లేవు, తారాఫీసు కిటికీ కాడ నిలబడ్డడు. మాటకింత అని పైసలు. చిరునామాల మాటలకు సుత లెక్కనే. చేతిల పైసలు చాలవు. కొట్టేయాలంటే ఏది కొట్టేయాలె? ఆయన, దండాలు అన్న మాట ముందు కొట్టేయుమన్నడు. దయచేసి అన్నది కొట్టేయుమన్నడు. కొడుకు పేరు, తన పేరు, ఊరు, పట్కపోయిన జాగ, టైము, పానానికి అపాయం అన్న ముక్క, ఇవి మాత్రం ఉండాలన్నడు. ఒకటి హైకోర్టు చీఫ్ జస్టిస్‌కు, ఒకటి ముఖ్యమంత్రికి. మిగిలిన తార్లకు కిటికీ కాడ వరుసల ఉన్నోళ్ళే పైసలేసిన్రు. మద్దతంటే నాకు ఎరుకున్నది గదీ. టైము, జాగ, పేరు రాసి, ముట్టాల్సినోనికి ముట్టించుడు.

కోర్టులు సుత ఉత్తరాన్ని గౌరవించినయి. తీహార్ జైలుకెల్లి సునీల్ బాత్రా అనే ఖైదీ, పక్క ఖైదీని వార్డరు హింస పెట్టిండని సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాస్తే, 1979ల దాన్నే పిటిషనుగ తీసుకొని తీర్పిచ్చిన్రు. 1986ల బెంగాలుకెల్లి డి.కె. బసు లాకప్ చావుల మీద సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్‌కు ఒక లేఖ రాసిండు. పదేండ్లకు, 1996ల, అరెస్టు చేస్తే పోలీసులు ఏమేం చేయాలనో దేశానికంతా రూల్సు వచ్చినయి. ఆ రూల్సుల, ఇంటోళ్ళు వేరే జిల్లాల ఉంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటల లోపల తారు ద్వారా తెలియజేయాలని ఉన్నది. ఆ తారునే 2013 జులైల బంద్ పెట్టిన్రు.

ఈ పనులన్నిటికీ ఖరీదు ఉండె. వరంగల్ల పిల్లల డాక్టరు రామనాథం సారును 1985ల ఆయన దవాఖానల్నే కాల్చి చంపిన్రు. కరీంనగర్ల జాపా లక్ష్మారెడ్డిని మరుసటేడు చంపిన్రు. ఇద్దరూ పౌరహక్కుల సంఘం వాళ్ళు. కాకతీయ యూనివర్సిటీల లెక్కలు చెప్పే బాలగోపాల్ గూడేలన్నీ తిరిగి నిజం రాస్తుండె. ఎవరో ముక్కు మొఖం తెల్వనోళ్ళ కోసం వీళ్ళు బతుకులు పెట్టిన్రు. ఇయ్యాల బొటనవేలుతోని ఒక బొమ్మ నొక్కి మన వంతు అయిపోయిందనుకుంటే నాకు కడుపు మండుతది.

ఫోను వద్దని నేననను. ఫోనుల తీసిన వీడియో సాక్ష్యమైతది. 1981 ఏప్రిల్ 20నాడు ఇంద్రవెల్లిల గోండుల సభ మీద కాల్పులు జరిగితే సర్కారు పదమూడు మందే అన్నది. సచ్చినోళ్ళు అంతకంటె చాన ఎక్కువని గూడేలన్నీ చెప్పినయి. ఆనాడు ఒక్క ఫోనున్నా ఆ లెక్క మీద ఇన్నేండ్లు తగువు ఉండకపోవు. కానీ సాక్ష్యం వేరు, తోడుండుడు వేరు. ఏటా ఏప్రిల్‌ల ఇంద్రవెల్లి స్తూపం ఫొటో ఫోన్లల్ల వస్తది. సచ్చిపోయినోళ్ళ పిల్లలు ఏ గూడెంల ఉన్నరు, ఎట్ల ఉన్నరని ఎవరన్నా ఒక్క ముక్క రాసిన్రా?

ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా సారు సంగతే చూడున్రి. చక్రాల కుర్చీ లేంది కదలలేని మనిషి నాగపూర్ జైలు అండా సెల్లుల ఏండ్లకేండ్లు ఉన్నడు. చూడవచ్చిన తల్లితోని తెలుగుల మాట్లాడనియ్యలేదని ఇంటోళ్ళు చెప్పిన్రు. 2020ల ఆ తల్లి పోతే పెరోలు ఇయ్యలేదు. 2024 మార్చిల హైకోర్టు నిర్దోషి అని విడిచిపెట్టింది. అదే ఏడు అక్టోబర్ 12నాడు హైదరాబాద్ నిమ్స్‌ల పానం పోయింది. ఆనాడు మా దిక్కు ఏ ఫోను చూసినా ఆయన ఫొటోనే. బతికుండి సెల్లుల ఉన్న రోజుల ఇండ్ల ఎంతమంది ఆయనకొక కార్డు రాసిన్రని నేను గ్రూపుల అడిగిన. ఒక్కరూ జవాబియ్యలేదు.

ఎట్ల రాయాలె తాతా అని ఒక పిల్ల అడిగింది, దానికి చెప్పిందే ఇక్కడ చెప్తున్న. పూర్తి పేరు, తండ్రి పేరు, ఎరుకుంటే ఖైదీ నంబరు, జైలు పేరు, పిన్ కోడు. జైలు ఎక్కడున్నదో ముందు అర్సుకోవాలె, వరంగల్ సెంట్రల్ జైలును 2021ల ఖాళీ చేసి ఆ జాగను దవాఖానకు ఇచ్చిన్రు, ఖైదీలను వేరే జైళ్ళకు మార్చిన్రు. కేసు గురించి రాయొద్దు, ఆయనకే చెరుపు. అయ్యో పాపం అని రాయొద్దు. నీ ఊరి సంగతి రాయాలె, ఆయన సంగతి అడగాలె, కింద నీ పేరు రాయాలె. జవాబు రాకున్నా మళ్ళ రాయాలె. ఇంటోళ్ళకు వేరే రాయాలె, ములాఖత్‌కు పోను రాను చార్జీలకే వాళ్ళు అప్పులైతరు, అండ్ల ఒక చెయ్యేస్తే ఇంకా మంచిది.

పోలండ్ల 2001ల కొందరు దోస్తులు ఒక పగలు, ఒక రాత్రి కూసొని ఖైదీల కోసం ఉత్తరాలు రాసిన్రు. ఇప్పుడు ఏటా మానవ హక్కుల దినం వచ్చే రోజులల్ల లోకమంతా రాస్తున్నరు. మా దిక్కు బడులల్ల డిసెంబర్ 10 అంటే వ్యాసరచన పోటీ, ఒక పెన్ను బహుమతి. ఆ పోటీ ఈసారి ఆపి, పెద్ద క్లాసుల పిల్లలకు తలా ఒక కార్డు ఇయ్యున్రి. కార్డు ఇప్పటికీ యాభై పైసలే.